చోళ్ళ డబ్బాలో డిస్కులు

పాత రేకుల షెడ్డు పీకేస్తామని మా అబ్బాయి అన్నప్పుడు నేను సరేనన్నాను. కాదనడానికి ఏముంది, అది తనంతట తనే పడిపోవడానికి ఎప్పట్నుంచో సిద్ధంగా ఉంది. అరకు వానలకీ మంచుకీ ఏ రేకూ ఎక్కువ కాలం ఆగదు. అయితే పని మొదలుపెట్టిన పొద్దున మా కోడలు పావని ఒక తుప్పు డబ్బాని రెండు చేతులా మోసుకొచ్చి, అరుగు మీద నా ముందు దించి, ఆయాసపడుతూ, "అత్తా, ఇందల చోళ్ళున్నాయి. చోళ్ళ కింద రాయుంది. ఇదేటి, మొక్కుబడా?" అని అడిగింది. రాగుల్ని మా వైపు చోళ్ళంటాం. డబ్బాలో ఉన్నవాటిని చోళ్ళనడానికి కూడా లేదు, పురుగు తిని వదిలేసిన పొట్టు. అందులోకి చెయ్యి పెడితే చల్లగా, గరుకుగా, అన్నం పళ్ళెమంత గుండ్రంగా, నడుమ చిల్లుతో ఒక వస్తువు తగిలింది. నాకు నవ్వాగలేదు. నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళొచ్చేసరికి పావని కంగారుపడి మా అబ్బాయిని కేకేసింది.

అది సాన రాయి. చేత్తో పట్టుకునే గ్రైండరుది కాదు, బల్లకి బిగించి కత్తులూ గొడ్డళ్ళూ సాన పట్టే పాత మిషనుది. దాన్ని చోళ్ళలో దాచింది మా అత్త అప్పలనర్సమ్మ. ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. మిషను అంతకుముందే పాతసామాన్లవాడి బండెక్కింది. రాయిని మాత్రం ఎవరికీ చెప్పకుండా తన అలవాటు ప్రకారం డబ్బాలో పెట్టి మూతేసిందన్నమాట. చెమ్మ తగలని చోట ఉండాలి గదా మరి. ఆవిడ లెక్కలో రాయికీ డిస్కుకీ చోళ్ళ డబ్బాని మించిన చోటు లేదు.

ఈ డబ్బా కథ, నేను శృంగవరపుకోట వైపు పల్లె నుంచి ఈ కొండ మీదకి కోడలిగా వచ్చిన రోజుల్లో మొదలైంది. రైలు సొరంగంలోకి దూరినప్పుడల్లా పెట్టెలో పిల్లలూ పెద్దలూ ఒకటే కేకలు. కొత్త పెళ్ళికూతుర్నని మర్యాదకి ఊరుకున్నాను గానీ నాకూ అరవాలనే ఉండేది. అరకు బజారులో మా ఇల్లూ కొట్టూ ఒకటే. ముందు వెల్డింగు షాపు, నడుమ ఒక గది, వెనక వంటిల్లు. వంటింట్లో అంబలి ఉడుకుతుంటే ముందు గదిలో ఇనుము కాలేది. రెండు వాసనలూ నడుమ గదిలో కలిసి, మా పెళ్ళి చీరలకీ దుప్పట్లకీ పట్టేవి. పుట్టింటికి వెళ్ళినప్పుడు మా అమ్మ నా తల మూచూసి, "ఇదేటే, కమ్మరి కొలిమి కంపు" అని మూతి ముడిచేది. నాకు ఆ వాసన అలవాటయ్యాక అది లేని చోట నిద్రపట్టేది కాదు. ఎండాకాలం మొదట్లో రెండు జల్లులు పడి కాఫీ తోటలు పూసినప్పుడు మాత్రం మల్లెల్లాంటి ఆ వాసన గాలితో దిగొచ్చి ఇనుముకి పూసే ఎర్ర రంగు డబ్బాల కంపుని కూడా నాలుగు రోజులు మరిపించేది.

శుక్రవారం సంత రోజు మా అరుగు మీద కాలు పెట్టే చోటుండేది కాదు. కొండ మీది ఊళ్ళ నుంచి పసుపూ చింతపండూ అడ్డాకులూ మోసుకుని దిగినవాళ్ళు, సంతలోకి పోతూ పోతూ కత్తులూ గొడ్డళ్ళూ నాగటి కర్రులూ మా దగ్గర పడేసి పోయేవారు. మా ఆయన రమణ సాన మిషను దగ్గర నిలబడి ఒక్కొక్కటీ పట్టేవాడు. సాన పట్టిన కత్తిని చేతికిస్తే ముసలివాళ్ళు ముందు బొటనవేలితో అంచు నిమిరి, తర్వాత ముంజేతి మీద వెంట్రుక గొరిగి చూసి, అప్పుడు తలాడించేవారు. పని అయిపోయినా కొందరు కదిలేవారు కాదు. నిప్పురవ్వలు చూడ్డానికి కూర్చునేవారు. వాళ్ళతో పాటు నేనూను. పొయ్యి మీద కూర మాడుతోందని అత్త కేకేసేదాకా గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. కాకరపువ్వొత్తులు కాల్చినట్టు రోజూ రవ్వలు కురిసే ఇంట్లో పడ్డానని నా లోపల ఒకటే సంబరం. ఆ మిషను నా చేత్తో పట్టుకోవాలని కొత్తకాపరంలోనే మనసులో పడిపోయింది. చీరల మీద పడని ఆశ దాని మీద పడింది.

దానికి అడ్డం మా అత్త. అడ్డానికి కారణం మా మావయ్య కన్ను. నేను రాకముందు ఎప్పుడో, సాన రాయి చేతిలోంచి జారి గచ్చు మీద పడిందట. పైకి చూస్తే ఏమీ కాలేదు. మావయ్య దాన్ని దులిపి మిషనుకి బిగించి తిప్పారు. లోపల పట్టిన బీట కంటికి కనబడదు కదా, ఆ వేగానికి రాయి పగిలి ముక్క వచ్చి ఎడమ కంట్లో తగిలింది. కన్ను పోయింది. ఆయన స్వభావం ఎలాంటిదంటే, నన్ను మొదటిసారి చూసినప్పుడు, "అమ్మా, నాకు రెండో కన్ను కూడా ఉంటే మీ అత్తని ఇంకా బాగా సూసీవోణ్ణి, దానికే నామీద కోపం" అని పరిచయం చేసుకున్నారు. ఆయన నవ్వేసి మర్చిపోయారు గానీ అత్త మర్చిపోలేదు. ఆ రోజు నుంచీ తన చెయ్యి దాటకుండా ఏ రాయీ మిషను ఎక్కకూడదని శాసనం చేసింది.

ఆ పరీక్ష ఇప్పటికీ నా కళ్ళకి కట్టినట్టుంటుంది. రాయి చిల్లులో వేలు దూర్చి గాల్లో వేలాడదీసేది. రెండో చేత్తో పప్పుగుత్తి తిరగేసి పట్టుకుని, దాని కాడతో మెల్లిగా కొట్టేది. ఒకచోట కాదు, రాయి చుట్టూ. బాగున్న రాయి ఖంగుమని మోగి, ఆ మోత కాసేపు గాల్లో నిలబడేది. బీట ఉన్నది టప్‌మని చచ్చు చప్పుడు చేసేది. కొత్త కుండ కొనేటప్పుడు ఏ ఇల్లాలైనా చేసే పనే అది. దాన్ని అత్త తెచ్చి ఇనప సామాను మీద పెట్టింది. విశాఖపట్నం నుంచి రైల్లో కొత్త రాళ్ళు దిగిన రోజు మా ఇంట్లో పప్పు ఆలస్యం. పప్పుగుత్తి కొట్లో ఉండేది. నేను మిషను అడిగినప్పుడల్లా ఒకటే జవాబు. "ముందు రాయి మాట ఇనడం నేర్సుకోయే గుంటా. తరవాత మిషను సంగతి సూద్దాం." నాకు నోరెక్కువని పుట్టింట్లోనే పేరు. అయినా ఆ మాటకి ఎదురు చెప్పడానికి నోరొచ్చేది కాదు, ఎదురుగా మావయ్య కూర్చుని ఉండేవారు.

రాళ్ళ మాట వినడం నేర్చుకున్నాను. మీరు నమ్మరు గానీ, పెరట్లో గిన్నెలు తోముతూ, కొట్లో అత్త కొట్టే చప్పుడుని బట్టి ఏ రాయి నెగ్గిందో ఏది ఓడిందో చెప్పేసేదాన్ని. అత్త లోలోపల మురిసిపోయేదని మావయ్య నాకు రహస్యంగా చెప్పారు. ఇంకేముంది, మిషను చేతికి వచ్చినట్టే అనుకున్న సమయానికి మా ఆయన విశాఖ వెళ్ళి చేతి గ్రైండరు కొనుక్కొచ్చాడు. దాంతో పాటు రెండు రకాల డిస్కులు తెచ్చాడు. మందంగా బిళ్ళలా ఉన్నవి అరగదీయడానికి, పల్చగా రేకులా ఉన్నవి కోయడానికి. ఊళ్ళో అదే మొదటి చేతి గ్రైండరని అరుగు మీద జనం మూగారు. అత్త పప్పుగుత్తి తెచ్చింది.

మందం డిస్కుని కొడితే టక్‌మంది. మోగలేదు. అత్త మొహం చిట్లించి, మళ్ళీ కొట్టి, ఎండు కట్టెలా పలికింది కాబట్టి పోనీలే అని పక్కన పెట్టింది. పల్చటి దాన్ని కొడితే ఏమీ లేదు. అట్టముక్కని కొట్టినట్టు ఉత్త చప్పుడు. ఇంకోటి తీసింది, అదీ అంతే. పొట్లం మొత్తం అంతే. అత్త పప్పుగుత్తి కింద పెట్టి, పొట్లం మళ్ళీ కట్టించి, "ఈటిల్లో ఒక్కటీ మంచిది నేదు. అన్నీ బీటలే. నిన్ను ఎర్రోణ్ణి సేసి అంటగట్టీసినారు" అని తీర్పు చెప్పింది. మా ఆయన మొత్తుకున్నాడు. ఈ రకం ఇలాగే ఉంటుందన్నాడు. ఆవిడ వినలేదు. "పలకనిదాన్ని నాను నమ్మను. మనిసైనా అంతే, రాయైనా అంతే" అంది. మర్నాడు ఆ పొట్లం విశాఖ వెళ్ళే బంధువు చేతిలో పడి రైలెక్కింది. కొట్టువాడు మంచివాడు, ఏమీ అనకుండా కొత్త పొట్లం పంపాడు. అదీ పలకలేదు. అదీ రైలెక్కింది. కొండ దిగి కొండెక్కడం ఆ డిస్కులకి ఆ ఏడాదంతా పనైపోయింది. ఆ కొట్లో మాకు పలికే డిస్కులవాళ్ళని పేరు కూడా పెట్టారట.

నిలువ ఉంచడం ఇంకో కథ. అరకులో వానాకాలం ఉప్పు నీరైపోతుంది, అగ్గిపెట్టె వెలగదు. మందం డిస్కులు చెమ్మ పీల్చుకుని తిరిగేటప్పుడు వణికేవి, అంచులు పొడిపొడిగా రాలేవి. ఇంట్లో పొడిగా ఉండే చోటు పొయ్యి మీది అటక ఒక్కటే. అత్త డిస్కుల్ని అక్కడికి చేర్చింది. అటక మీద అప్పటికే ఎండు మిరపకాయల బుట్ట కాపరం ఉంది. ఒక సంత రోజు మా ఆయన ఆ డిస్కు బిగించి కిటికీ చువ్వ అరగదీయడం మొదలుపెట్టాడు. కాలిన మిరప ఘాటు కొట్టంతా కమ్మేసింది. అరుగు మీద జనం, పక్క టైలరు, ఎదుటి కిరాణా శెట్టి, రోడ్డున పోయే మేకలతో సహా అందరూ ఒకటే తుమ్ములు. మావయ్య తుమ్ముతూనే, "ఎవరికో గట్టిగా దిష్టి తగిలింది, మీ అత్త తీసీసింది" అన్నారు. ఆ దెబ్బతో డిస్కులు చోళ్ళ డబ్బాలోకి మారాయి. చోళ్ళు చెమ్మని తాము తాగేస్తాయి, ఏ ఘాటూ అంటించవు. అంబలికి చోళ్ళు తీయబోయి డిస్కు పైకి తీయడం మా ఇంట్లో చాలా మామూలు. చుట్టాలు మా ఇంటి అంబలి కొంచెం గరగరలాడుతుందనేవారు. మేము మాత్రం ఒప్పుకునేవాళ్ళం కాదు.

అబ్బాయి పుట్టి నడకలు నేర్చాక, వాడి టీకాల పని మీద విశాఖ వెళ్ళినప్పుడు నేనే ఆ కొట్టుకి వెళ్ళాను. పలికే డిస్కులవాళ్ళు వచ్చారని కొట్టాయన లేచి నిలబడి కుర్చీ వేశాడు. నేను పప్పుగుత్తి పరీక్ష సంగతి చెప్తే నవ్వలేదు. సాన రాయికి అది చాలా మంచి పరీక్షనీ, పెద్ద ఫ్యాక్టరీల్లో కూడా రాళ్ళని అలాగే కొట్టి చూస్తారనీ చెప్పాడు. తర్వాత పల్చటి డిస్కొకటి నా చేతిలో పెట్టి, "అమ్మా, ఇది రాయి కాదు. పొడినీ జిగురునీ కలిపి జాలీ గుడ్డ మీద పోసిన అచ్చు. అప్పడం అనుకోండి. అప్పడాన్ని వాయిస్తే మోగుతుందా?" అన్నాడు. మరి మంచీ చెడూ ఎలా తెలుస్తుందని అడిగాను. అంచు చెక్కుకుపోయిందేమో చూడాలి, చెమ్మకి వంగిందేమో బల్లపరుపు మీద పెట్టి చూడాలి, నడుమ ఇనప రింగు మీద కొట్టిన గడువు తేదీ చూడాలి, డిస్కు మీద రాసిన వేగం మిషను వేగానికి తక్కువ కాకూడదు, కొత్తది బిగించాక పని పెట్టకుండా కాసేపు ఒట్టిగా తిప్పాలి, ఆ సమయంలో ఎవరూ ఎదురుగా నిలబడకూడదు. అంతా విని, ఒక పొట్లం కట్టించుకుని, రైల్లో ఆ పాఠాన్ని సొరంగాల చీకట్లో వల్లెవేసుకుంటూ వచ్చాను. అత్త అంతా విన్నది. పల్చటి డిస్కుని సన్నికల్లు మీద పెట్టి అటూ ఇటూ నొక్కి చూసింది. తిప్పి పంపలేదు, అలాగని మిషను ఎక్కనివ్వలేదు. "ఉండనీ" అని చోళ్ళలో పాతేసింది. నా మిషను ఆశ కూడా వాటితో పాటే అందులో పడి ఉంది.

ఆ మరుసటి కాఫీ కోతలప్పుడు సొంబారి వచ్చింది. మా బజారుకి ఎగువన కొండ మీది ఊరామె, కాఫీ పండించే ఆడవాళ్ళ గుంపుకి పెద్ద. ప్రతి సంతకీ కత్తి సాన పట్టించుకుని, మావయ్యతో హాస్యాలాడి పోయే మనిషి. ఆ పొద్దున హాస్యం లేదు. ఇద్దరు మగవాళ్ళు కావడి కట్టి పండు తొక్క తీసే మిషనుని మోసుకుని వెనక వచ్చారు. చేత్తో తిప్పే పెద్ద చక్రం, లోపల రాగి రేకు చుట్టిన పీపా. ఇరుసు పట్టేసి చక్రం కదలడం లేదు. "అక్కా, పండు ఆగదు" అంది సొంబారి నాతో. "ఇయ్యాల కోసింది ఇయ్యాలే తొక్క తియ్యాల. రేపటికి పులిసి పాడైపోద్ది. ఊరందరిదీ కోసీసినాం. మిషను ఇదొక్కటే." ఆమె వేళ్ళకి ఇంకా పళ్ళ జిగురు అంటుకుని ఉంది. ఆ ఊరికి ఆ పంట అయితేనే ఆ ఏడాది. అది ఎవరూ చెప్పక్కర్లేదు.

సరిగ్గా ఆ రోజే మా ఆయన మంచం మీద ఉన్నాడు. ముందు రోజు తొందరలో నల్లద్దం అడ్డం పెట్టుకోకుండా వెల్డింగు చేశాడు. తెల్లారేసరికి కళ్ళలో ఇసుక పోసినట్టయి, రెండు కళ్ళ మీదా బంగాళాదుంప చెక్కలు పెట్టుకుని పడుకున్నాడు. మావయ్య వచ్చి మిషనుని తన కంటితో చుట్టూ పరీక్షించారు. ఇరుసు బయటికి రావాలంటే తుప్పు పట్టిన రెండు బోల్టులు తెగాలి. అవి పీపాకీ కింది దిమ్మకీ నడుమ వేలు పట్టని సందులో ఉన్నాయి. ఉలితో కొడితే పోత ఇనుము పగిలిపోతుంది. గ్యాసు మంట పెడితే రాగి రేకు పాడైపోతుంది. రంపం ఆ సందులో ఆడదు. మందం డిస్కు దూరదు, దూర్చినా రేకుని గీకేస్తుంది, రేకు గీసుకుంటే గింజలన్నీ నలిగిపోతాయి. ఇవన్నీ ఒక్కొక్కటీ మావయ్య అంటుంటే మంచం మీంచి మా ఆయన అవునవునంటున్నాడు. చివరికి మిగిలింది చోళ్ళలోని పల్చటి డిస్కొక్కటే. అది అందరికీ తెలుసు. నేను అత్త మొహం చూశాను.

అత్త మావయ్య ఎడమ కన్ను వైపు చూసింది, మంచం మీద బంగాళాదుంప చెక్కల వైపు చూసింది, సొంబారి చేతుల వైపు చూసింది. "ఇంట్లో మగోళ్ళిద్దరికీ కలిపి ఒక కన్నుంది" అంది. "ఒలే గుంటా, డబ్బాలోంచి ఆ అప్పడాలు తీయి. నువ్వే కొయ్యి." చోళ్ళలో మోచేతిదాకా చెయ్యి పెట్టి పొట్లం పైకి తీశాను. అరకు మొత్తం మీద ఆ వానాకాలం గడిచాక కూడా అంత పొడిగా ఉన్న డిస్కులు ఇంకెక్కడా ఉండి ఉండవు. అంచులు చూశాను, రింగు మీద గడువు చూశాను, వేగం చూశాను. సన్నికల్లు మీద పెట్టి నొక్కితే ఎటూ ఊగలేదు. ఒకటి బిగించాను. డిస్కుకి అడ్డంగా ఉండే గార్డు తీసేస్తే సందులో ఇంకా బాగా ఆడుతుందని మంచం మీంచి మా ఆయన సలహా. అత్త ఒక్క చూపు చూసింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నా ఆ చూపు తగిలినట్టుంది, దుంప చెక్కలు సర్దుకున్నాడు.

ఒట్టిగా ఎంతసేపు తిప్పాలో కొట్టాయన చెప్పలేదు, నేను అడగలేదు. అత్తే నిర్ణయించింది. గ్రైండరుని, ఇనుము పెట్టి కొట్టే దాగలికి తాళ్ళతో కట్టించి, చుట్టూ చోళ్ళ బస్తాలు పేర్పించి, ప్లగ్గుని వంటింట్లోకి లాగించింది. అందర్నీ వంటింట్లోకి తోసి పొయ్యి మీద టీ గిన్నె పెట్టింది. "టీ పొంగీదాకా అది ఒట్టినే తిరగాల. అప్పటిదాకా నిలబడితే మంచిదే" అంది. స్విచ్చి వేశాను. ముందు గదిలో మిషను రయ్యిమంటోంది. వంటింట్లో మేమూ సొంబారీ కావడి మోసినవాళ్ళూ, దుంప చెక్కలతో మా ఆయనా, చంకలో పిల్లాడూ, ఊపిరి బిగబట్టి గిన్నెలోకి చూస్తున్నాం. గిన్నె అంచున బుడగలు లేస్తుండగా కరెంటు పోయింది. హమ్మయ్య, ఇక చాలనుకున్నాం. అత్త గిన్నె దింపేసింది. కరెంటు వచ్చాక అందులో చన్నీళ్ళు పోసి మళ్ళీ మొదటి నుంచీ పెట్టింది. సొంబారికి కాళ్ళు నిలవడం లేదు. "అమ్మా, బేగి కానీ" అంటే, "బేగి అయితే కళ్ళు పోతాయి తల్లీ" అని శాంతంగా చెప్పింది. ఆ నీళ్ళ టీ పొంగింది. డిస్కు నిలబడింది. కాఫీ పండించేవాళ్ళు నిలబడి ఆ టీ తాగారు.

చీర కొంగు దోపి, పైన మా ఆయన పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, జుట్టు తువ్వాలుతో కట్టి, తెల్లద్దాల కళ్ళజోడు పెట్టుకున్నాను. అత్త వచ్చి ఆ కళ్ళజోడు తీసి, తన కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది. దాగలి కట్లు విప్పి, పక్కకి నిలబడి మిషను స్విచ్చి నొక్కాను. మొదటి క్షణం అది నా చేతుల్లోంచి ఎగిరిపోతుందనిపించింది. తర్వాత లొంగింది. సందులోకి మెల్లగా దింపితే, పలకని ఆ డిస్కు తుప్పు బోల్టుని వెన్నముద్దలా కోసుకుపోయింది. రవ్వలు నా చేతుల్లోంచే పుడుతున్నాయి. నాకు అరవాలనిపించింది, ఈసారి మర్యాదకి ఊరుకోలేదు, అరిచాను. మంచం మీంచి మా ఆయన చప్పుడు విని దారి చెప్తున్నాడు, నొక్కకు, దాని బరువుకే తెగనీ అని. మావయ్య తన కంటితో రేకు వైపు కాపలా కాస్తున్నారు. మొదటి బోల్టు తెగి గచ్చు మీద టింగుమని పడింది. రెండోదీ పడింది. రాగి రేకు మీద గోటి గీత కూడా లేదు. ఇరుసు బయటికి తీసి, తుప్పు గీకి, మావయ్య కొత్త బుష్షు వేసి గ్రీజు రాశారు. మధ్యాహ్నం పొద్దు వాలకముందే సొంబారి చక్రం పట్టుకుని తిప్పింది. తిరిగింది. ఆమె నా రెండు చేతులూ తీసుకుని తన మొహానికి అద్దుకుంది, నా చేతుల మసి ఆమె బుగ్గలకి అంటింది. అలాగే కొండెక్కింది. సాయంత్రం పై ఊరి నుంచి డప్పు వినిపించింది. పండుగేమీ కాదే అని పక్క టైలరు అనుకున్నాడు. మాకు మాత్రం తెలుసు.

ఆ రోజు తర్వాత కోత పని నాదైంది. కిటికీలూ గేట్లూ బడి బెంచీలూ ఎన్ని కోశానో. ఇంట్లో టీ పొంగకుండా ఏ కొత్త డిస్కూ పని ఎక్కలేదు. అరకులో మా కొట్టు వైపు గ్రైండరు ఊరికే రయ్యిమని మోగుతుంటే, టీ టైమైందని పక్కవాళ్ళు గ్లాసులు పట్టుకుని వచ్చేవారు. అత్త చివరి రోజుల్లో మంచం మీదే ఉన్నా, మిషను చప్పుడు మొదలవగానే, "పొయ్యి మీద గిన్నె పెట్టారా" అని అడిగేది. పెట్టామనేదాకా ఊరుకునేది కాదు. రాళ్ళూ డిస్కులూ ఆవిడ చేతి కిందకి వచ్చాక మా కొట్లో వాటి ముక్క తగిలి ఎవరి కన్నూ పోలేదు. నా జీవితంలో నేను గర్వపడే సంగతి అదొక్కటే అంటే ఒప్పుకుంటాను.

ఇప్పుడు వైరు లేని గ్రైండర్లు వచ్చాయి. చెయ్యి తీయగానే ఆగిపోతాయి. స్టీలుకి వేరే డిస్కు, ఇనుముకి వేరే, రాయికి వేరే. పావని ఫోనులో చూసి ఆర్డరు పెడితే కొండ మీదకి ఇంటికే వస్తాయి, ఏ సొరంగం చీకటీ చూడకుండా. ఆ అమ్మాయి పప్పుగుత్తి అడగదు, లేబులు చదువుతుంది. చదవాల్సిందంతా శ్రద్ధగా చదువుతుంది, అందుకు సంతోషం. డిస్కుల్ని మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, చెమ్మ పీల్చే చిన్న పొట్లాలు పడేస్తుంది. వాటి మీద తినకూడదని రాసి ఉంటుంది. మా అత్త వాడిన చెమ్మ మందుని మర్నాడు అంబలి కాచుకు తాగేవాళ్ళం. ఇంకొకటి కూడా ఉంది. మా అబ్బాయీ కోడలూ పని చేసేటప్పుడు చెవులకి మూతలు పెట్టుకుంటారు. కళ్ళ గురించి అంత జాగ్రత్తపడ్డ ఇంట్లో చెవులు కూడా ఉంటాయని మాకు ఎవరికీ తోచలేదు. నా చెవుల్లో సన్న చప్పుళ్ళు పోయి చాలా కాలమైంది. పాలు పొంగేది వినబడదు, వాసన బట్టి పరిగెడతాను. పిచ్చుకలు నోళ్ళు తెరవడం కనిపిస్తుంది అంతే. దీనికి నేను ఏడవను. ఆ రవ్వలకి బదులుగా ఇంకేం అడిగినా ఇచ్చేదాన్నే.

అరుగు మీద డబ్బాలోంచి సాన రాయిని పైకి తీశాను. పొట్టు దులిపాను. పావనిని పప్పుగుత్తి తెమ్మన్నాను. అది తెల్లబోయి చూసి, తెచ్చింది. రాయి చిల్లులో వేలు దూర్చి గాల్లో వేలాడదీసి, గుత్తి కాడతో కొట్టాను. కొట్టినట్టు చేతికి తెలిసింది. చెవికి ఏమీ రాలేదు. ఇంకోవైపు కొట్టాను. అప్పుడూ ఏమీ లేదు. ఇన్నేళ్ళు చోళ్ళలో కూర్చున్న రాయి బీట వారిందో, నా చెవే బీట వారిందో నాకు తెలియలేదు. పావని మెడలోని చెవి మూతలు తీసి పక్కన పెట్టి, వంగి, చెవి రాయి దగ్గరికి తెచ్చింది.

"మళ్ళీ కొట్టత్తా" అంది.

చుట్టూ కొట్టాను, మా అత్త కొట్టినట్టే, ఏ చోటూ వదలకుండా. పావని కళ్ళు పెద్దవి చేసి, పని చేస్తున్న మా అబ్బాయిని చెయ్యెత్తి ఆగమంది. షెడ్డు మీద రేకులు పీకే చప్పుడు ఆగింది. అది ఇంకా వింటూనే ఉంది.

"పలికిందా?" అని అడిగాను.

"పలికిందత్తా. ఇంకా మోగతానే ఉంది."

"అయితే టీ పెట్టు" అన్నాను.